అరవై జవాబుల వరస

యోగానంద్‌కి గేర్లు అర్థం కావని గోపీనాథ్‌కి మూడో రోజే తెలిసిపోయింది.

"ఇదిగో, ఇలా చూడు," అంటూ భార్య శశికళ గాజులు రెండు డైనింగ్ టేబుల్ మీద ఆనించి పెట్టి, ఒకదాన్ని వేలితో కుడివైపు తిప్పాడు. "ఇది ఇటు తిరిగితే, దీన్ని ఆనుకుని ఉన్నది ఎటు తిరుగుతుంది?"

యోగానంద్ గాజుల వంక చాలా శ్రద్ధగా చూశాడు. "ఎటు తిరిగితే ఏముందన్నా? వదిన చేతికుంటే రెండూ ఒకవైపే తిరుగుతాయి."

వంటింట్లోంచి శశికళ పకపకా నవ్వింది. గోపీనాథ్‌కి నవ్వు రాలేదు. పరీక్ష ఇంకా పన్నెండు రోజులే ఉంది.

అది 1982 అక్టోబర్. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో వాళ్ళుండే అపార్ట్‌మెంట్ల పార్కింగ్ లాట్‌లో పగలు పదకొండింటికి కూడా కార్లు కదలకుండా ఉంటున్న రోజులు. కార్లు కదలడం లేదంటే వాటి సొంతదార్లకి ఉద్యోగాలు లేవని అర్థం. గోపీనాథ్ తొమ్మిదేళ్ళు డిజైన్ ఇంజినీరుగా చేసిన కంపెనీ ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ మొత్తాన్నీ ఇంటికి పంపేసింది. ఉద్యోగంతో పాటే హెల్త్ ఇన్సూరెన్స్ పోయింది. ఆరేళ్ళ కూతురు మీనాకి ఆస్తమా. చలికాలం ముంచుకొస్తోంది. శశికళ ఆ సంగతి పైకి అనేది కాదు. పాప దగ్గినప్పుడల్లా మొగుడి ముఖం వంక చూసేది, అంతే.

కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే యోగానంద్‌ది ఇంకో కష్టం. ఊళ్ళో చెరకు ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసులో హాజరు రాసే గుమాస్తాగా ఉన్నవాణ్ణి, టెక్సస్‌లో డాక్టరుగా ఉన్న అన్న కృష్ణమోహన్ స్పాన్సర్ చేసి రప్పించాడు. ప్లేనోలో అన్నగారింట్లో గరాజ్ పక్క గదిలో ఎనిమిది నెలలున్నారు మొగుడూ పెళ్ళాం. ఆ ఎనిమిది నెలలూ యోగానంద్ ఆ ఇంటి లాన్ కోశాడు, ఆండాళ్ వంట చేసింది. అతిథులొస్తే వాళ్ళిద్దరినీ ఎవరూ పరిచయం చేసేవారు కాదు. ఒకరోజు ఆండాళ్ పెట్టె సర్దేసింది. న్యూజెర్సీ వచ్చి యోగానంద్ ఒక వేర్‌హౌస్‌లో సరుకు లెక్కపెట్టే పనిలో చేరాడు. సెప్టెంబర్‌లో అదీ మూతపడింది. డిసెంబర్‌లోగా ఏదో ఒకటి దొరక్కపోతే మళ్ళీ ఆ గరాజ్ పక్క గదే.

అలాంటప్పుడు పడింది పేపర్లో ప్రకటన. బ్రాండ్‌వెల్ బిస్కెట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ మెకానిక్ ట్రైనీలు కావాలి. అనుభవం అక్కర్లేదు. మెకానికల్ ఆప్టిట్యూడ్ పరీక్షలో ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్ళకే. యూనియన్ ఉద్యోగం. మొదటి నెల నుంచే ఇన్సూరెన్స్. ఖాళీలు రెండు.

"రెండు ఉద్యోగాలు, మనమిద్దరం," అన్నాడు యోగానంద్ కత్తిరించిన ముక్క చూపిస్తూ. "దేవుడు మన అపార్ట్‌మెంట్ నంబర్లు చూసే వేయించాడన్నా ప్రకటన."

దరఖాస్తులో గోపీనాథ్ తన ఇంజినీరింగ్ డిగ్రీ రాయలేదు. డిగ్రీ చూస్తే 'వీడు నాలుగు రోజుల్లో వేరే ఉద్యోగం చూసుకుని పోతాడు' అని పక్కన పడేస్తారు. 'మెకానికల్ డిప్లొమా' అని రాసి సంతకం పెట్టాడు. చదువుకున్నదాన్ని దాచుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

పరీక్ష గురించి ఆ చుట్టుపక్కల గోపీనాథ్‌కి తెలిసినంత ఎవరికీ తెలియదు. వసంతంలో అదే ఫ్యాక్టరీ ఒకసారి మనుషుల్ని తీసుకుంది. అప్పుడు నలుగురు తెలుగువాళ్ళు రాశారు. అప్పటికి ఉద్యోగంలోనే ఉన్న గోపీనాథ్ వాళ్ళకి సలహాదారు. ఊళ్ళో చదువుకునే రోజుల్లో పరీక్ష హాలు బయట నిలబడి, బయటికొచ్చే ప్రతివాడి దగ్గరా ప్రశ్నలు చెప్పించుకుని రాసుకునే అలవాటు ఆయనది. వాళ్ళకీ అదే నేర్పాడు. "ప్రశ్నలు అరవై, మీరు నలుగురు. తలా పదిహేను పంచుకోండి. మొదటివాడు ఒకటి నుంచి పదిహేను, రెండోవాడు పదహారు నుంచి ముప్పై. ఎవడి వాటా వాడు బుర్రలో పెట్టుకుని, కార్లో కూర్చోగానే కాగితం మీద పెట్టండి. బొమ్మతో సహా, ఏ, బి, సి, డి లతో సహా."

వాళ్ళు చెప్పినట్టే చేశారు. వాళ్ళలో ఎవరికీ ఉద్యోగం రాలేదు, తలో ఊరికి వెళ్ళిపోయారు. అరవై ప్రశ్నలున్న నోటుబుక్కు మాత్రం గోపీనాథ్ దగ్గర మిగిలింది. తర్వాత తనే జవాబులు కట్టాడు. గేర్లు, కప్పీలు, స్ప్రింగులు, నీళ్ళ ట్యాంకులు, ఏ రెంచితో ఏ నట్టు విప్పాలి. తనకవి పావుగంట పని. యోగానంద్‌కి మాత్రం పన్నెండు రోజుల్లో అందేవి కావు.

ఐదో రోజు మధ్యాహ్నం గోపీనాథ్‌కి ఓపిక నశించింది. దారపు ఉండలు రెండు, రబ్బరు బ్యాండు పెట్టి బెల్టు ఎలా తిరుగుతుందో నాలుగోసారి చూపిస్తున్నాడు.

"చిన్న చక్రం జోరుగా తిరుగుతుంది, పెద్దది నెమ్మదిగా. ఎందుకు?"

"చిన్నవాడు కదన్నా, ఒంట్లో శక్తి ఉంటుంది."

గోపీనాథ్ రబ్బరు బ్యాండు విసిరేశాడు. "యోగీ, మీ చెరకు ఫ్యాక్టరీలో ఎంతమంది పనివాళ్ళు?"

"ఎనిమిది వందల నలభై."

"వాళ్ళ టోకెన్ నంబర్లు?"

"అన్నీ గుర్తే. కావాలంటే అడుగు. రెండు వందల పదకొండు, అప్పలస్వామి, బాయిలర్. రెండు వందల పన్నెండు..."

"చాలు. అయితే నీకు గేర్లతో పనిలేదు. అరవై జవాబులు, అరవై అక్షరాలు. వరసగా ఒంటబట్టించుకో. బొమ్మ చూడకు. చూస్తే ఆలోచిస్తావు, ఆలోచిస్తే తప్పుతావు. హాల్లో కూర్చోగానే ఒకటి నుంచి అరవై దాకా జవాబు గడులు దిద్దుకుంటూ పో."

యోగానంద్ ముఖం వెలిగిపోయింది. ఆ సాయంత్రమే అరవై అక్షరాలనీ పన్నెండు ముక్కలు చేశాడు. ఎక్కాల బాణీలో 'బి డి ఏ సి సి, ఏ ఏ డి బి సి' అంటూ మెట్ల మీద, లాండ్రీ గదిలో, బట్టలు మడతపెడుతూ చదివాడు. రెండు రోజుల్లో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి అప్పజెప్పాడు.

"నా తల ఒక్కటే నాకు మిగిలింది అన్నా," అన్నాడు ఆ రోజు. "మా అన్నకి చేతులున్నాయి, చదువుంది. నాకు ఇదే."

పరీక్ష ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, పన్నెండేసి మందికి ఒక బ్యాచి. గోపీనాథ్‌ది గురువారం. యోగానంద్‌ది శనివారం పొద్దున్న తొమ్మిదికి.

గురువారం పర్సనెల్ మేనేజర్ హాలరన్ వచ్చి నిలబడ్డాడు. ఎర్రటి ముఖం, పొట్టి టై. "ఒక మాట ముందే చెప్పాలి. ప్రకటనలో రెండు ఖాళీలన్నాం. ఒకదాంట్లోకి ఒహాయో ప్లాంట్ నుంచి మనిషిని పంపుతున్నారు. కాబట్టి మిగిలింది ఒక్కటే. అన్ని బ్యాచిలూ కలిపి ఫస్ట్ వచ్చినవాళ్ళకి."

క్యాంటీన్‌లో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ప్రశ్నపత్రాలు పంచారు. గోపీనాథ్ మొదటి పేజీ తిప్పాడు.

మొదటి ప్రశ్న గేర్ల బొమ్మ కాదు. నీళ్ళ ట్యాంకు.

రెండోది చూశాడు. మూడోది చూశాడు. ప్రశ్నలన్నీ తమవే. కానీ నోటుబుక్కులో ముప్పై ఒకటోది ఇక్కడ మొదటిది. తమ మొదటిది నలభై రెండులో ఉంది. జవాబుల అక్షరాలు కూడా అటూ ఇటూ మారిపోయాయి. అట్ట మీద మూల చిన్న అక్షరాలతో 'ఫారం బి' అని ఉంది. వసంతంలో ఇచ్చింది ఫారం ఏ అన్నమాట. ప్రశ్నలు ఒకటే, వరస వేరు.

గోపీనాథ్‌కి వరసతో నిమిత్తం లేదు. ప్రశ్న చూస్తే జవాబు తెలుస్తుంది. రెండుచోట్ల బొమ్మలు ఆ నలుగురూ గుర్తు మీద నోటుబుక్కులో వేసిన వాటికి కాస్త తేడాగా కనిపించాయి గాని, అలవాటులో చెయ్యి పాత జవాబులే దిద్దేసింది. బయటికొచ్చి కార్లో కూర్చున్నాకే ఆ రెండూ తప్పని తట్టింది. కప్పీది ఒకటి, స్ప్రింగుది ఒకటి. పోనీ, అరవైకి యాభై ఎనిమిది. తనని దాటేవాడెవడు?

అప్పుడు గుర్తొచ్చాడు యోగానంద్.

ప్రశ్న చదివితే యోగానంద్‌కి పది మార్కులు రావు. కానీ ఏళ్ళ తరబడి ఎనిమిది వందల టోకెన్లు మోసిన తల అది. 'వరస మారింది, ప్రశ్న చూసి జవాబు వెతుక్కో' అని ఒక్క మాట చెబితే, ఉన్న రెండు రోజుల్లో అరవై బొమ్మలూ అరవై జవాబులూ జతచేసి మింగేస్తాడు. ఆ రెండు తప్పులూ సరిచేసి ఇస్తే అరవైకి అరవై వస్తాయి. సరిచేయకపోయినా తనతో సమానంగా వస్తాయి. ఉన్నది ఒక్క ఉద్యోగం.

అపార్ట్‌మెంట్‌కి వచ్చేసరికి యోగానంద్ బట్టల బుట్టతో లాండ్రీ గది ముందే కాపలా కాస్తున్నాడు.

"ఎలా ఉందన్నా?"

పై అంతస్తు కిటికీ తెరిచి ఉంది. మీనా దగ్గు వినిపించింది. పొడి దగ్గు, ఆగకుండా నాలుగుసార్లు.

"అన్నీ మన పుస్తకంలోవే," అన్నాడు గోపీనాథ్.

"ఇంకేం!" యోగానంద్ బుట్ట కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. "నువ్వు మనిషివి కాదన్నా."

గోపీనాథ్ మెట్లెక్కాడు. అబద్ధం చెప్పలేదు కదా అనుకున్నాడు. వరస అదేనా అని అడిగి ఉంటే చెప్పేవాణ్ణే, అడగలేదు. ఆ మాట అప్పుడు మెట్ల మీద పుట్టింది. తర్వాత ఐదేళ్ళు ఆయన దాన్ని పట్టుకునే బతికాడు.

ఖాళీ ఒక్కటేనన్న సంగతి శశికళకి కూడా చెప్పలేదు.

శుక్రవారం రెండుసార్లు చెప్పులేసుకుని విప్పాడు. మూడోసారి నిజంగానే కిందికి వెళ్ళి తలుపు తట్టాడు. ఆండాళ్ తీసింది.

"రండి అన్నయ్యగారూ. బాత్‌రూమ్‌లో కూడా అదే పాట. పక్కింటి ముసలావిడ మీరేమైనా మతం మారారా అని అడిగింది నన్ను." నవ్వుతూనే గొంతు తగ్గించింది. "ఈ ఉద్యోగం వస్తే ఇంక ప్లేనో పేరెత్తనని మాటిచ్చారు. ఆ ఇంట్లో నేను మళ్ళీ అన్నం వార్చలేను, అన్నయ్యగారూ."

యోగానంద్ తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఏ నంబరైనా అడుగన్నా."

"నలభై ఆరు."

"డి."

"పంతొమ్మిది."

"ఏ. వెనక్కి చెప్పనా?"

చెప్పాల్సిన మాట నాలుక చివరనే ఉంది. 'ప్రశ్నలు చదువు.' రెండే రెండు ముక్కలు. గోపీనాథ్ నోరు తెరిచాడు.

"గట్టిగానే ఉన్నావు," అని, కాఫీ కూడా తాగకుండా పైకి వచ్చేశాడు.

శనివారం పదకొండు కాకముందే యోగానంద్ తిరిగొచ్చాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం తలుపులోంచి వినిపించింది.

"పన్నెండు నిమిషాలన్నా! పన్నెండంటే పన్నెండు. పరీక్ష పెట్టినావిడ మొదట ఏదో చెప్పింది, నేను వరస నెమరేసుకుంటూ వినలేదు. పక్కవాళ్ళు చెమటలు కక్కుతున్నారు. నేను దిద్దేసి, కాగితం ఇచ్చేసి, ఆవిడకి థాంక్యూ చెప్పి వచ్చేశాను."

"బొమ్మలు చూశావా?"

"మొదటిది మాత్రం కంటపడింది. గేర్లుండాల్సిన చోట ఏదో ట్యాంకు. ఒక్క క్షణం ప్రాణం పోయిందనుకో. కానీ నువ్వు చెప్పావు కదా అన్నీ మనవేనని. ఇంజినీరువి, చూసొచ్చినవాడివి. బొమ్మ మార్చినా జవాబు అదే ఉంటుందిలే అని ధైర్యం చేసి దిద్దుకుంటూ పోయాను. మళ్ళీ బొమ్మల జోలికి పోలేదు."

శశికళ ఇద్దరికీ స్వీటు తెచ్చి పెట్టింది. గోపీనాథ్ నోట్లో అది మట్టిలా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. హాలరన్ రమ్మంటున్నాడు. గదిలోకి వెళ్ళేసరికి ఆయన టేబుల్ మీద రెండు జవాబు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. వాటి పక్కన, దిద్దిన గడులు కనిపించేలా చిల్లులు పొడిచిన అట్టముక్కలు రెండు.

"కంగ్రాచులేషన్స్," అన్నాడు హాలరన్. ముఖంలో నవ్వు లేదు. "యాభై ఎనిమిది. నువ్వే ఫస్ట్. కానీ ఒక చిన్న విషయం. ఈ యోగానంద్ అనే మనిషి నీ అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లోనే ఉంటాడు. తెలుసా?"

"ఏమైంది?"

"మా ఆఫీసు అమ్మాయి ఇతని కాగితం దిద్దుతూ పొరపాటున పాత అట్ట పెట్టింది, ఫారం ఏ అట్ట. యాభై ఎనిమిది చిల్లుల్లో పెన్సిల్ గుర్తులు! ఎగిరి గంతేసింది. తర్వాత చూస్తే ఇతను రాసింది ఫారం బి. సరైన అట్ట పెడితే పదమూడు." హాలరన్ ముందుకు వంగాడు. "అంటే పాత పరీక్ష జవాబులు ఇతనికి ఎవరో ఇచ్చారు. ప్రశ్న చదవకుండా దిద్దాడని పరీక్ష పెట్టినావిడే చెప్పింది. పొద్దున్న పిలిచి అడిగాను. న్యూయార్క్ బస్ స్టేషన్‌లో ఎవడి దగ్గరో కొన్నానన్నాడు. కన్ను కూడా ఆర్పలేదు. ఫారాల సంగతి అతనికి నేను చెప్పలేదు, అది బయటివాళ్ళకి చెప్పేది కాదు. ఇప్పుడు చెప్పు. అతను నీకు తెలుసా? ఇద్దరూ కలిసి చదివారా?"

గోపీనాథ్ కళ్ళు టేబుల్ మీదే ఉన్నాయి. యోగానంద్ కాగితంలో పాత అట్ట ప్రకారం రెండు తప్పులు, ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. పదిహేడు, నలభై నాలుగు. కప్పీ, స్ప్రింగు. తన కాగితంలో కూడా రెండు ఎర్ర సున్నాలు. నంబర్లు వేరు, ప్రశ్నలు అవే. రెండు ప్రశ్నపత్రాలూ పక్కపక్కన పెట్టి పది నిమిషాలు చూస్తే చాలు, ఇద్దరికీ గురువు ఒకడేనని చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. ప్రశ్నపత్రాల కట్ట హాలరన్ మోచేతి పక్కనే ఉంది.

"ముఖం తెలుసు," అన్నాడు గోపీనాథ్. "పార్కింగ్ లాట్‌లో చూస్తుంటాను. అంతే."

హాలరన్ ఆయన వంక కాసేపు చూశాడు. తర్వాత కాగితాలు రెండూ ఫైల్లో పెట్టి, చెయ్యి చాపాడు. "సోమవారం ఉదయం ఆరింటికి రా. సేఫ్టీ షూస్ ఇస్తాం."



యోగానంద్ ఆ సాయంకాలం తనే పైకి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీకు వచ్చిందని వదిన చెప్పింది. సంతోషం అన్నా." ముఖం పీక్కుపోయి ఉంది. "నన్ను పిలిచి నానా మాటలూ అన్నాడు. నీ పేరు ఎత్తలేదు, భయపడకు. బస్ స్టేషన్‌లో కొన్నానని చెప్పాను."

"యోగీ..."

"పదమూడే వచ్చాయటన్నా. అరవైకి పదమూడు. ఆలోచిస్తే తెలిసింది, ఎక్కడో ఒక గడి దాటేసి ఉంటాను. అక్కణ్ణించి అన్నీ ఒకటి ముందుకో వెనక్కో జరిగి ఉంటాయి." నుదురు మీద అరచేత్తో కొట్టుకున్నాడు. "ఎనిమిది వందల నలభై టోకెన్లు! ఒక్కటి తప్పలేదు ఏ రోజూ. అక్షరాలు అరవై నిలబెట్టుకోలేకపోయాను. అమెరికా వచ్చాక తల కూడా పోయింది నాది. నీ పన్నెండు రోజులూ బూడిదలో పోశాను, ఏమనుకోకు."

చెబితే ఇప్పుడే చెప్పాలి. 'నీ తల పోలేదురా, తప్పు నాది' అని. నాలుగు రోజుల కిందట అన్నా లాభం ఉండేది, ఇప్పుడు ఉద్యోగం రాదు. కానీ ఆ మనిషికి అతని తల అతనికి తిరిగొస్తుంది. గోపీనాథ్ నోటి నుంచి వచ్చింది మాత్రం, "ఏం కాదులే, ఇంకోటి దొరుకుతుంది."

ఇంకోటి దొరకలేదు. డిసెంబర్ మొదటి ఆదివారం యోగానంద్, ఆండాళ్ ప్లేనో వెళ్ళిపోయారు. సామాను సర్దడానికి గోపీనాథ్ సాయం పట్టాడు. ఆండాళ్ కార్లో కూర్చుని అద్దం దించలేదు. కోపమేమో అనుకున్నాడు. ఏడుస్తోందని శశికళ చెప్పింది.

ఉద్యోగం గోపీనాథ్‌కి అచ్చొచ్చింది. ఓవెన్ బెల్టులు, మిక్సర్ల బేరింగులు, బిస్కెట్లకి కాగితం చుట్టే మెషీన్లు, అన్నీ ఆయన చెప్పినట్టు విన్నాయి. మూడేళ్ళలో లీడ్ మెకానిక్ అయ్యాడు. మీనాకి మంచి డాక్టరు దొరికాడు. 1985లో మళ్ళీ పరీక్ష పెట్టినప్పుడు హాల్లో నిలబడే పని కూడా ఆయనకే పడింది. క్యాంటీన్‌లో పన్నెండుమంది ముక్కూముఖం తెలియనివాళ్ళు. ప్రశ్నపత్రాలు పంచి, ఎవరూ చెప్పమనకుండానే అన్నాడు, "ప్రతి ప్రశ్నా చదవండి. ఎక్కడో విన్న జవాబులు పెట్టుకుని దిద్దకండి." అన్నాక ఇంక అక్కడ నిలబడలేక నీళ్ళు తాగే వంకతో బయటికి వెళ్ళిపోయాడు. వాళ్ళెవరో తనకి తెలియదు. వాళ్ళకి చెప్పడానికి ఒక్క క్షణం పట్టలేదు.

1987 జూన్‌లో కంపెనీ ఆయన్ని కొత్త మెషీన్ ట్రైనింగ్‌కి మూడు రోజులు, ప్లేనో పక్కనే ఉన్న డాలస్ పంపింది. ఫోన్ చేస్తే యోగానంద్ హోటల్ మాట ఎత్తనివ్వలేదు. "మేముండగా హోటలేమిటన్నా, ఆండాళ్ చంపుతుంది నన్ను," అని ఎయిర్‌పోర్ట్‌కి తనే వచ్చాడు.

కారు ఎక్కగానే గోపీనాథ్ కంటపడింది డాష్‌బోర్డ్ మీద అతికించిన కాగితం. ఏ ఎగ్జిట్ తీసుకోవాలి, ఏ లైట్ దగ్గర తిరగాలి, పెద్ద అక్షరాలతో వరసగా.

"ఐదేళ్ళ నుంచి ఉంటున్నావు, ఇంటికి దారి తెలీదా?"

"తెలుసన్నా. నమ్మకం లేదు." యోగానంద్ తేలిగ్గానే నవ్వాడు. "ఆ పరీక్ష రోజు నుంచి అంతే. గట్టిగా గుర్తుందని అనిపిస్తే ఇంకా భయం. అన్నీ రాసుకుంటాను."

ఇప్పుడు సొంతంగా అద్దెకి చిన్న ఇల్లుంది. పని మాత్రం అన్నగారి క్లినిక్‌లోనే, ఫోన్ దగ్గర. పేషెంటు అపాయింట్‌మెంట్ చెబితే మూడుసార్లు అడిగి రాసుకుంటాడట. కృష్ణమోహన్ నర్సుల ముందే 'మావాడికి బుర్రలో చిల్లు' అంటాడట. ఇవన్నీ యోగానంద్ జోకుల్లాగా చెప్పాడు. మర్నాడు ఇంటి నుంచి బయల్దేరే ముందు ఆండాళ్ చీటీలోంచి ఒక్కొక్కటీ పైకి చదివింది. తాళాలు, పర్సు, స్టవ్ ఆపారా, గరాజ్ వేశారా. అతను స్కూలు పిల్లాడిలా దేనికది తల ఊపాడు.

మూడో రోజు పొద్దున్న, టిఫిన్ టేబుల్ దగ్గర, గోపీనాథ్ ఇంక మొయ్యలేకపోయాడు.

"యోగీ, నువ్వు వరస తప్పలేదు."

అంతా చెప్పాడు. ఫారం ఏ, ఫారం బి. ఒక్క ఖాళీ. లాండ్రీ గది ముందు అన్న మాట. శుక్రవారం తలుపు తట్టి చెప్పకుండా వెళ్ళిపోవడం. హాలరన్ గదిలో 'ముఖం తెలుసు' అనడం. అరవైలో యాభై ఎనిమిది ఎక్కడ సరిపోయాయో, మిగతా రెండూ ఎవరి తప్పులో.

యోగానంద్ చేతిలోని ముక్క ప్లేటులో పెట్టేశాడు. తర్వాత, "అంటే అరవై అక్షరాలూ నేను సరిగ్గానే పెట్టానా?"

"ఒక్కటి కూడా జరగలేదు."

"ఐదేళ్ళు," అన్నాడు. కోపంగా కాదు, లెక్క చూసుకుంటున్నట్టు. వంటింటి వైపు తిరిగి పిలిచాడు. "ఆండాళ్, ఇలా రా. ఇది నాకు కాదు, దీనికి చెప్పాలి. మొదట్నించి చెప్పు."

రెండోసారి చెప్పడం చాలా కష్టమైంది. మీనా దగ్గు గురించి చెప్పబోయి, ఆండాళ్ కళ్ళు చూసి వదిలేశాడు. చివరికి మిగిలిన ఒక్క ముక్కా చెప్పాడు. "వరస గురించి అడిగి ఉంటే చెప్పేవాణ్ణమ్మా. ప్రమాణం చేసి చెబుతున్నాను. వీడు అడగలేదు."

ఆండాళ్ చేతిలో గరిటె అలాగే ఉంది.

"శనివారం పొద్దున్నే నేను అడగమన్నాను, అన్నయ్యగారూ," అంది నెమ్మదిగా. "నాకెందుకో మనసొప్పలేదు. ఒక్కసారి పైకి వెళ్ళి, అంతా అలాగే ఉందా అని మళ్ళీ కనుక్కుని వెళ్ళండి అన్నాను. ఈయన నా మీద విసుక్కున్నారు. చూసొచ్చి చెప్పినవాణ్ణి మళ్ళీ అడిగితే అనుమానించినట్టుంటుంది, గోపీ అన్న నొచ్చుకుంటాడు అన్నారు."

గోపీనాథ్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఇడ్లీలు చల్లారిపోతున్నాయి, తినండి," అంది ఆండాళ్. ఆయన ప్లేటులో రెండు వేసి, చట్నీ వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది. తినకుండా లేవడం కుదరదు. ఇంకోటి వేసుకోమని మాత్రం ఎవరూ అనలేదు. ఆయన రెండూ తిన్నాడు.

ఎయిర్‌పోర్ట్‌కి యోగానందే తీసుకెళ్ళాడు. టెర్మినల్ ముందు కారాపి, దిగి, డిక్కీలోంచి సూట్‌కేస్ తీసి పేవ్‌మెంట్ మీద పెట్టాడు. హ్యాండిల్ పైకి తిప్పి, పట్టుకోవడానికి వీలుగా గోపీనాథ్ వైపు జరిపాడు కూడా.

"గోపీనాథ్ గారూ," అన్నాడు, ఎంతో మర్యాదగా. "మళ్ళీ డాలస్ వస్తే ఈసారి హోటల్లో దిగండి. ఆండాళ్‌కి కష్టంగా ఉంటుంది."

"అలాగే," అన్నాడు గోపీనాథ్.

తర్వాత రెండేళ్ళలో పనిమీద ఆయన డాలస్ మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ హోటల్లోనే దిగాడు.